ఉపదేశమ్మ కోడి

పాస్టరుగారు పేటకు వస్తే, ఆయన రాని వారాల్లో గుడి నడిపే ఉపదేశి ఇంట్లో కోడికూర వండాలి. ఎవరు పెట్టిన నియమమో తెలియదు గాని, గుడి కట్టిన నాటినుంచీ అదే జరుగుతున్నది. ఉపదేశి పెండ్లాం, ఉపదేశమ్మ సుబ్బరత్నమ్మ పెరట్లో ఒక నల్లకోడి ఉంది. దాన్ని మాత్రం ఆమె కోయదు. ప్రతిసారీ వీధిలో ఎవరినో అడిగి, బదులుగా కొర్రలు ఇచ్చి, వేరే కోడిని తెచ్చి కోస్తుంది. నల్లకోడి గుడ్లు పెట్టడం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు కాలు కూడా ఈడుస్తున్నది. "ఉపదేశమ్మ దాన్ని మోక్షానికి తోలుకపోతాదేమో" అని నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు నవ్వుకుంటారు. పిసినారితనం అందామా అంటే, పిసినారి ఇంట్లో కోడిని పెట్టుకుని బయటి కోడి తెచ్చుకోదు. ఇంకా విచిత్రం ఏమిటంటే, కూరలో ఉప్పు దగ్గరనుంచి పిల్లల పద్యాల వరకూ అన్నిటికీ తప్పుపట్టే ఉపదేశి దేవదానం ఆ కోడి సంగతి మాత్రం ఏనాడూ ఎత్తలేదు.

ఆ ఏడాది మంచి శుక్రవారం పొద్దున, సుబ్బరత్నమ్మ ఒక ఎర్రకోడిని రెక్కలు పట్టుకుని ఇంటికి తీసుకుపోవడం జీవమ్మ చూసింది. అప్పుడామె గుడి అలుకుతున్నది. ఎర్రమన్నూ పేడా కలిపిన నీళ్ళలో చెయ్యి ముంచి, అరచేత్తో వంపు తిప్పుతూ, ప్రభు సంస్కారపు బల్ల దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెనక్కి జరుగుతున్నది. గుడి అలికేవాళ్ళు అట్లాగే అలకాలి, లేకపోతే తడినేలమీద తమ అడుగులే పడతాయి. అలకడం చివరికి గడప దగ్గర ముగిసింది. జీవమ్మ కూర్చునే చోటు కూడా అదే. గుడి అలకడానికి ఆమెకు అడ్డం లేదు, అలికినచోట మోకరించడానికే అడ్డం.

సంగతి పేటలో అందరికీ తెలిసిందే. అమ్మవారు ఇల్లిల్లూ తిరిగిన ఎండాకాలంలో కూతురు కరుణమ్మకు ఒళ్ళంతా పోసి, రెప్పలు అతుక్కుపోయి, నీళ్ళు కూడా మింగలేకపోతే, జీవమ్మ ఒక కోడినీ ముంతెడు పెరుగన్నాన్నీ తీసుకుని వంక అవతల వేపచెట్టు కింద ఉన్న గ్రామదేవత సుంకులమ్మ దగ్గరికి పోయింది. ఆ ఆదివారమే దేవదానం గుడిలో ఆమె పేరు చెప్పి, ఆమె విగ్రహం ముందు రక్తం చిందించింది కాబట్టి ప్రభు సంస్కారానికి తగదని అన్నాడు. అన్న వారానికే అతని ఒక్కగానొక్క కొడుకు సామేలుకు పోసింది. దేవదానం ఇంట్లోకి ప్రార్థన తప్ప మరేదీ రానివ్వలేదు. సామేలు పోయాడు. కరుణమ్మ ముఖమంతా గుంటలతో బతికింది. అది జరిగి మూడేళ్ళయింది. అప్పటినుంచీ పాస్టరుగారు రొట్టె విరిచే వేళకు జీవమ్మ లేచి బయట నాపరాయి మీద కూర్చుంటుంది.

పాస్టరు సీలయ్యగారు మధ్యాహ్నానికి కోయిలకుంట్ల నుంచి సైకిలు మీద వచ్చారు. చిన్నవయసు, నంద్యాలలో చదివిన మనిషి. చెమట కూడా తుడుచుకోకుండా బల్ల దగ్గర నిలబడి, సిలువమీద ప్రభువు పక్కన వేలాడిన దొంగ గురించి చెప్పారు.

"ఆ దొంగ ఏం చేశాడు? ఉపవాసం చేశాడా? దానం చేశాడా? చేతులు సిలువకు కొట్టేసి ఉన్నాయి, ఏం చేస్తాడు. అడిగాడు, దొరికింది. కృప అంటే అదే. కష్టపడి సంపాదించేది కాదు, ఊరికే ఇచ్చేది."

గడప దగ్గర జీవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటున్నది. ఆరాధన అయ్యాక పాస్టరుగారే ఆమెను పిలిచారు. ఉపదేశి గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"జీవమ్మా, ఈ ఈస్టరు పండక్కి నువ్వు బల్ల దగ్గరికి రావాలని నా ఆశ. ఆదివారం అందరి ముందరా లేచి, సుంకులమ్మ దగ్గరికి పోయినందుకు పశ్చాత్తాపపడుతున్నానని ఒక్క మాట చెప్పు. చాలు."

"చెప్పకపోతే అయ్యగారూ?"

పాస్టరుగారు ఉపదేశి వైపు చూశారు. "చెప్పకపోతే సంఘంలోంచి తీసేయల్ల" అన్నాడు దేవదానం. "పెద్దలందరూ అదే మాట అంటాండారు. ఇన్నాళ్ళు ఆగినాము. రేపు నువ్వు పోతే మన దిబ్బలో మట్టి కూడా ఇయ్యలేము."

దిబ్బ అంటే క్రైస్తవుల సమాధులున్న చోటు. అక్కడ రేగుచెట్టు పక్కన జీవమ్మ తల్లి ఉంది. తల్లి పక్కన ఒక మనిషికి చాలినంత చోటు వదిలిపెట్టి ఉంది. జీవమ్మ ఎప్పుడు అటు పోయినా ఆ చోటు చూసుకుంటుంది. ఇప్పుడు అది కూడా పోతుందన్నమాట.

"అయ్యగారూ, దొంగకు ఊరికే ఇచ్చినాడంటిరే. నన్నెందుకు మాట అడుగుతాండారు?"

"ఊరికే ఇచ్చేదే అమ్మా. కానీ తీసుకోవడానికి చెయ్యి చాపాలి గదా. పశ్చాత్తాపం అంటే చెయ్యి చాపడమే."

"చాపుకోనే ఉండా. ఆ మాట మాత్రం నోట్లోంచి రాదు. రేపు నా బిడ్డకు మళ్ళా అట్లనే వస్తే, పోనని ఒట్టుపెట్టి చెప్పలేను."

విన్నారా అన్నట్టు దేవదానం పాస్టరుగారి ముఖంలోకి చూశాడు.   జవాబు తోచనప్పుడు పాస్టర్లు అనే మాటే సీలయ్యగారూ అన్నారు, ప్రార్థన చేసుకోమని.

ఇంటికి పోయేసరికి మొగుడు ఆనందప్ప వాకిట్లో కూర్చుని కపిలబావిలో నీళ్ళు తోడే తోలుసంచికి చిరుగు కుడుతున్నాడు. సూదికి ఆముదం రాసి తోలులోంచి లాగుతూ సంగతంతా విన్నాడు.

"ఒక్క మాట. చెప్పేస్తే పోలేదా?" అన్నాడు. "ప్రతి ఏడూ ఊరి రెడ్డి రమ్మంటే మేమంతా పోయి సుంకులమ్మ జాతరలో తప్పెట్లు కొడతాండామా లేదా? మళ్ళా వారం గుడిలో తలకాయలు వంచుకోని తప్పయింది అంటాండామా లేదా? ఉపదేశయ్య సరే అంటాడు. మళ్ళా ఏడు మళ్ళా కొడతాము."

"మీరు తప్పెట కొడితే కూలి. నేను పోతే పాపం."

"అందుకే చెప్తాండా, నువ్వూ మా మాదిరి చెప్పు. చెప్పేదానికి కూలి అడగరు గదా."

ఆనందప్ప చెడ్డవాడు కాడు, దేవుడితో కూడా సర్దుకుపోగలడు, అంతే. జీవమ్మకు ఆ విద్య పట్టుబడలేదు. తప్పయింది అన్న మాట నాలుకమీదికి వచ్చినప్పుడల్లా కరుణమ్మ గుంటల ముఖంతో ఎదురుగా ఎక్కడో ఆడుకుంటూ ఉండేది. ఆ మాట అంటే ఆ పిల్ల బతకడమే తప్పయింది అన్నట్టు తోచేది. ఇంకో కారణం కూడా ఉంది. ప్రభువు ప్రార్థనలో అందరూ గొంతు కలిపి చెప్పేటప్పుడు, ఇతరులను క్షమించే మాట దగ్గర ఆమె నోరు మూసుకుంటుంది. ఎందుకు మూసుకుంటుందో మొగుడికి కూడా చెప్పలేదు.

శనివారం పొద్దువాలే వేళ సుబ్బరత్నమ్మ వచ్చింది. కొంగు చాటున గోధుమపిండి మూట ఉంది. మూడేళ్ళలో ఆమె ఆ గడప తొక్కడం అదే మొదలు. వీధి అటూ ఇటూ చూసి లోపలికి వచ్చి, మూట నేలమీద పెట్టింది.

"నా చేత కాదు జీవమ్మా. నువ్వు చెయ్యి" అంది.

సంస్కారపు రొట్టె ఇదివరకు జీవమ్మే చేసేది. పెండ్లికి ముందు మిషను ఆసుపత్రి వంటింట్లో పనిచేసింది కాబట్టి పేటలో గోధుమపిండి మర్మం తెలిసింది ఆమెకొక్కతికే. జీవమ్మను ఆపేశాక ఆ పని ఉపదేశమ్మ మీద పడింది. ఆమెకు తెలిసింది జొన్నరొట్టె. గోధుమపిండిని కూడా జొన్నపిండిలాగే పిసికి, వెంటనే తట్టి, సన్నని సెగమీద ఎండేదాకా కాల్చేది. అది కుండపెంకులా తయారయ్యేది. పోయిన క్రిస్మసుకు పాస్టరుగారు విరిస్తే ఒక ముక్క ఎగిరి పెద్దల వరసలో పడింది. దేవుని బల్ల దగ్గర నవ్వకూడదు కాబట్టి అందరూ దగ్గారు.

"ఉపదేశయ్యకు తెలుసునా?"

"తెలీదు."

 జీవమ్మ చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. పిండిలో గోరువెచ్చని నీళ్ళు కొంచెం కొంచెంగా పోసి, మడత మీద మడత వేసి, మణికట్టుతో నొక్కుతూ పిసికింది. ఉప్పు వేయలేదు, సంస్కారపు రొట్టెకు వేయరు. ముద్దమీద తడిగుడ్డ కప్పి పక్కన పెట్టింది.

"రొంతసేపు నిద్రపోనీయల్ల అక్కా, అదే దీని కిటుకు" అంది.

ముద్ద నానేవరకూ ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చున్నారు. బయట కరుణమ్మ దూడను కట్టేస్తూ దానితో ఏదో మాట్లాడుతున్నది. సుబ్బరత్నమ్మ ఆ గొంతు విన్నది.

"నేనూ పోయినా జీవమ్మా" అంది చివరికి.

"యాడికి?"

"సుంకులమ్మ కాడికి. సామేలుకు కండ్లు మూసుకపోయిన సాయంత్రం. కొంగు కింద నల్లకోడి పెట్టుకోని పోయినా. వంక దాటినా. ఆడ వేపచెట్టు కనపడతాది గదా, అంతవరకు పోయినా. అప్పుడు గుర్తొచ్చె, నీ పేరు గుడిలో చెప్పిన మనిషికి నేను పెండ్లాన్నని. నేను పోతే ఆయప్ప యాడ తలెత్తుకుంటాడు? తిరుక్కోని వచ్చినా. రెండోనాడు తెల్లారకముందే బిడ్డ పోయె."

జీవమ్మకు నల్లకోడి సంగతి అప్పుడు అర్థమైంది.

"దాన్ని కోయలేను, ఒకరికి ఇయ్యలేను. అది పెరట్లో కాలు ఈడ్చుకుంటా తిరుగుతాంటే రోజూ చూస్తాండా. పోయిన నువ్వు గడప కాడ కూచుంటివి. పోని నేను ముందర వరసలో కూచుంటి. పోయింటే బాగుండు అని రోజూ అనుకుంటా. ఇది పాపం కాదా?" సుబ్బరత్నమ్మ ముఖం పొయ్యి వైపు తిప్పుకుంది. "నిజం చెప్పు. నీ బిడ్డను ఆ తల్లే బతికించిందా?"

"తెలీదక్కా. నాతోకూడా ఊర్లోంచి ఈరక్క వచ్చింది, ఆమె కూడా కోడిని కోసింది. ఆమె బిడ్డ పోయె. నాది ఎందుకు బతికిందో నాకు తెలీదు."

సుబ్బరత్నమ్మ తల ఊపింది. ఆ జవాబు ఆమెకు ఊరటగా ఉందో లేదో తెలియలేదు గాని, కొంగుతో ముఖం తుడుచుకుని కట్టెలు ఎగదోసింది. జీవమ్మ గుడ్డ తీసి, ముద్దను మందంగా ఒత్తి, వేడెక్కిన పెనం మీద వేసింది. ఒక పక్క పొంగగానే తిప్పి, అంచులు గుడ్డతో అదిమింది. సెగ ఎక్కువసేపు తగలనియ్యలేదు. తీసి చాటలో పెట్టి వెంటనే కప్పింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె సుబ్బరత్నమ్మ కళ్ళలోకి చూడలేకపోయింది. ఇంత చెప్పుకున్న మనిషికి తను కూడా చెప్పవలసింది ఒకటి ఉంది. అది చెప్పలేదు. సుబ్బరత్నమ్మ చాట ఎత్తుకుని, చీకటి పడకముందే ఇంటికి పోయింది.

ఆదివారం గుడి నిండిపోయింది. తలలకు నూనె, పిల్లలకు కొత్త గుడ్డలు. బల్లమీద ఉతికిన తెల్లగుడ్డ, ఎండుద్రాక్ష నానబెట్టి పిసికిన రసం ఉన్న గిన్నె. రొట్టె పళ్ళెం మీద గుడ్డ కప్పి ఉపదేశి చేతిలో పట్టుకున్నాడు. పాటలు అయ్యాక పాస్టరుగారు గడప వైపు చూసి, "జీవమ్మా, లేచి నిలబడు తల్లీ" అన్నారు.

జీవమ్మ లేచింది. ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుంది.

"అయ్యగారూ, నా బిడ్డ బతికినందుకు నాకు బాధ లేదు. ఉండాదని చెప్తే దేవుని ఇంట్లో అబద్ధం చెప్పినట్లు. ఆ మాట నన్ను అడగొద్దండి."

ఆనందప్ప తల పట్టుకున్నాడు. పెద్దల వరసలో గుసగుసలు లేచాయి. పాస్టరుగారు చెయ్యెత్తి ఆపారు.

"ఇంకొక పాపం ఉండాది. అది చెప్తా" అంది జీవమ్మ. "సామేలు పెట్టె మా వాకిలి ముందర పోయిన పొద్దు పేటంతా వెంట పోయిరి. నేను పోలేదు. లోపల నా బిడ్డను పట్టుకోని కూచున్యా. అంతకుముందే నా పేరు గుడిలో చెప్పి నన్ను బయటికి పంపించినాడని కడుపు మండుతాండె. వాళ్ళకు అట్లనే కావల్ల అనుకున్యా. పసిబిడ్డ పెట్టెలో పోతాంటే నేను సంతోషపడినా. ఉపదేశయ్య మొండితనం దిగింది అని సంతోషపడినా. అప్పట్నుంచి ప్రార్థనలో ఆ క్షమించే మాట నా నోట్లోంచి రాదు. నాకు దానికి క్షమాపణ కావల్ల. అయ్యగారు ఒక్కరు ఇస్తే సరిపోదు. ఉపదేశయ్య ఇయ్యల్ల. అక్క ఇయ్యల్ల."

 పాస్టరుగారు ఏదో అనబోయి, తను అనవలసింది కాదని తెలుసుకుని ఊరుకున్నారు. అందరూ దేవదానాన్నే చూస్తున్నారు. అతను పళ్ళెం వైపు చూశాడు. బల్లమీద పెట్టడానికి గుడ్డ తీశాడు. రొట్టె గుండ్రంగా, పలచని గోధుమరంగు మచ్చలతో ఉంది. అతని బొటనవేలు అంచుకు తగిలితే అంచు మెత్తగా లోపలికి పోయింది. ఆ రొట్టె ఎవరి చేతిదో అతనికి చెప్పనక్కరలేదు. తల తిప్పి పెండ్లాన్ని చూశాడు. సుబ్బరత్నమ్మ తల దించుకోలేదు. అందరి ముందూ లేచి, కొంగు భుజం మీదికి లాక్కుని, గడప దాకా పోయి జీవమ్మ చెయ్యి పట్టుకుంది.

దేవదానం పళ్ళెం బల్లమీద పెట్టి, వరసల మధ్యనుంచి వాళ్ళ దగ్గరికి నడిచాడు. ఇద్దరినీ బయటికి పంపిస్తాడనే పేట అనుకుంది. అతను జీవమ్మ ముందు నిలబడ్డాడు.  

"రా" అన్నాడు.

జీవమ్మ పోయి వరసల చివర, ఆడవాళ్ళందరి తర్వాత మోకరించింది. శిక్ష తీరినవాళ్ళు ఆఖరున తీసుకోవడం అక్కడి పద్ధతి. వాళ్ళ తర్వాత ఆ గిన్నెకు పెదవి తగిలించవలసిన వాళ్ళెవరూ ఉండరు, పద్ధతి పెట్టినవాళ్ళు అది ఆలోచించే పెట్టి ఉంటారు. ఉపదేశిది అందరికంటే ముందు చోటు. ఆ రోజు అతను ఆ చోటు దాటి వచ్చి, జీవమ్మ అవతల, గోడ దగ్గర మోకరించాడు. పాస్టరుగారు రొట్టె విరిస్తే చప్పుడు కాలేదు. గిన్నె వరస వెంట వచ్చింది. జీవమ్మ తాగింది. పాస్టరుగారు అంచు తుడిచి గిన్నెను దేవదానానికి అందించారు. అతను రెండు చేతులతో పట్టుకుని తాగాడు.

సోమవారం పొద్దున పాస్టరుగారు సైకిలెక్కి పోయారు. జీవమ్మ వాకిట్లో పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు తడుతున్నది. దేవదానం వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చంకలో నల్లకోడి ఉంది.

"దీన్ని కరుణమ్మకు ఉంచుకో" అన్నాడు.

"నాకెందుకయ్యా అక్క కోడి?"

అతను వీధి వైపు ఒకసారి చూసి, రాతిమీద కూర్చున్నాడు. కోడి రెక్క విదిలిస్తే అదిమి పట్టుకున్నాడు.

"ఆ సాయంత్రం ఆమె కొంగు కింద కోడి ఉండేది నేను చూసినా" అన్నాడు. "బిడ్డ పక్కన మోకాళ్ళ మీద ఉండా. ఆమె వాకిలి దాటింది. పిలవలేదు. పోనీ అనుకున్యా. బిరీన పోయి రానీ, మధ్యలో ఎవరూ అడ్డం రాకుండా చూడు అని ప్రార్థన చేసినా. ఏ దేవుణ్ణి అడిగినానో చూడు. అంతలోనే తిరిగి వచ్చేసె. ఎందుకు వచ్చినావు, ఎందుకు పోలేదు అని ఆమె మీద లోపల్లోపలే మండిపడితి. నోరు తెరిచి అడగలేను గదా. నిన్ను చూసినప్పుడల్లా, నువ్వు పోయినావు, నీకు మిగిలింది అని... ఆ మంటంతా నీ మీద పెట్టినా. సంఘం, నియమం అని చెప్తాంటి."

జీవమ్మ చేతిలో రొట్టె సగం తట్టి ఆగిపోయింది. నిన్న అతను తనను క్షమించాడనే అనుకుంది. గిన్నె అందుకున్న చేతులు క్షమాపణ ఇచ్చేవి కావు, అడిగేవి అని ఇప్పుడు తెలిసింది.

"అక్కకు తెలుసునా ఇది?"

"తెలీదు. నేను చూడలేదనుకుంటాది. నా పరువు కోసమే తిరిగొచ్చింటాది, అప్పట్నుంచి ఈ కోడిని సాకుతా ఉండాది. నిన్న గుడిలో చెప్దామనుకున్యా, నోరు రాలేదు. నీకు చెప్తే బరువు దిగుతాదని వచ్చినా."

"నాకు చెప్తే ఏమొస్తాది ఉపదేశయ్యా. నాకు నీ మీద ఏమీ లేదు, నిన్ననే పోయె." జీవమ్మ చేతికి అంటిన పిండి దులుపుకుంది. "కోడిని ఇంటికి తీసుకపో. ఈ మాట ఆడ చెప్పల్ల."

"ఆమె క్షమించకపోతే?"

"ఆ భయం నాకూ ఉండె. ద్వారబంధం పట్టుకోని నిలబడితి గదా, చూడలేదా. పో అయ్యా."

దేవదానం కోడిని చంకలో సర్దుకుని లేచాడు. ఉపదేశి ఇల్లు ఆ వీధి చివరే. లోపల సుబ్బరత్నమ్మ కొర్రలు దంచుతున్న రోకటి చప్పుడు ఇక్కడికి వినబడుతున్నది. అతను వాకిట్లో చెప్పులు వదిలాడు. కోడిని కింద దింపాడు. అది కాలు ఈడ్చుకుంటూ పెరట్లోకి పోయింది. వంగి గడప దాటి లోపలికి పోయాడు.

కొంచెంసేపటికి రోకటి చప్పుడు ఆగింది.

పెనం మీద రొట్టె ఒక పక్క మాడింది. జీవమ్మ దాన్ని తీసి పక్కన పెట్టి ఇంకోటి తట్టింది. కరుణమ్మ వచ్చి తినడానికి కూర్చుంది. చప్పుడు మళ్ళీ మొదలవుతుందేమోనని జీవమ్మ చెవి అటే పెట్టుకుని ఉంది. పిండి అంతా అయిపోయింది, పొయ్యి చల్లారింది, అయినా అది మొదలు కాలేదు.